బీబీఏ చదువులో ఏముంది?
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, వేదిక మీది పెద్దలకు, నల్లగొండ, పాలమూరు రెండు జిల్లాల నుంచి శ్రమపడి వచ్చిన తోటి పింఛనుదారులకు, వారి వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు నా నమస్కారాలు. రెండు జిల్లాలని నోటి అలవాటు కొద్దీ అన్నాను. 2016 అక్టోబరులో ఆ రెండూ ఏడయ్యాయి, 2019లో నారాయణపేటతో ఎనిమిదయ్యాయి. మన సర్వీసు రిజిస్టర్లలో మాత్రం ఇప్పటికీ రెండే.

డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, అది హక్కని చెప్పింది. ఈ సంగతి ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ విదితమే. కార్యదర్శిగారు నన్ను కరువు భత్యం బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ విషయం మీద నాకంటే గట్టిగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే నలుగురున్నారు కనుక, నన్ను వేరే విషయానికి వదిలిపెట్టమని కోరాను. వారు దయతో అంగీకరించారు.

విషయం బీబీఏ. పొద్దున నడకకు వచ్చే మిత్రులు నన్ను రెండేళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. “మా మనుమడు బీబీఏలో చేరుతనంటున్నడు, చేర్చమంటరా? అందులో ఏం చెప్తరు?” మా మనుమరాలు, అంటే మా పెద్దమ్మాయి కూతురు, మా ఇంట్లోనే ఉండి ఆ చదువు పూర్తి చేసింది. అందుకని నాకు తెలుసుననుకుంటారు. నేను అధ్యాపకుణ్ణి కాను. పీయూసీ చదివి, టైపు లోయరు పాసై, ఎల్‌డీసీగా చేరి, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. అయితే ఆ అమ్మాయి ఆరు సెమిస్టర్ల పుస్తకాలూ నేను చదివాను. మొదట్లో ఆమెకు ప్రశ్నలడిగి అప్పజెప్పించుకోవడానికి చదివాను, తరువాత నాకే రుచి పుట్టింది.

ముందు మన అందరికీ కావలసిన రెండు మూడు సంగతులు త్వరగా చెప్పేస్తాను. బీబీఏ అంటే బ్యాచిలర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. వెనుక కొన్ని విశ్వవిద్యాలయాల్లో బీబీఎం అనేవారు. మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు. మన కాలంలో ఇక్కడి డిగ్రీ కాలేజీలన్నీ ఉస్మానియా కింద ఉండేవి. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుంచి డిగ్రీ కాగితం మీద ఊరి పేరే మారింది. ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ అనే కంప్యూటరు పద్ధతిలో జరుగుతున్నాయి. 2024–25 విద్యాసంవత్సరం నుంచి బీబీఏను అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, తన పరిధిలోకి తీసుకున్నది. కాలేజీ వారి రంగుల కరపత్రం చూసి మురిసిపోకుండా ఆ మండలి అనుమతి పత్రం ఏ సంవత్సరానిదో చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. నలభై ఏళ్లు అందరినీ కాగితాలడిగి బతికినవాళ్లం.

ఇంకొక మాట. ఎంబీఏ చదవాలంటే బీబీఏ చదివి తీరాలని చాలామంది అపోహ పడుతున్నారు. అది తప్పు. బీఏ వారైనా, బీఎస్సీ వారైనా ఐసెట్ రాసి ఎంబీఏలో చేరవచ్చు. అలాగే బీబీఏ చదివితే సర్కారు నౌకరికి పనికిరాదనే భయమూ తప్పే. గ్రూప్–2కు గాని, బ్యాంకు ఆఫీసరు పరీక్షకు గాని ఏ డిగ్రీ అయినా చాలు. కొన్ని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలలో రిటైల్ బీబీఏ అని, చదువుతో పాటు దుకాణాలలో అప్రెంటిస్‌షిప్, దానికి కొంత స్టైపెండు ఉండే కోర్సు కూడా పెట్టారు. ఆర్థికంగా ఇబ్బంది ఉన్నవారు దాని గురించి విచారించుకోవచ్చు.

ఇక లోపలికి వెళదాం.

మొదటి సెమిస్టరులో యాజమాన్య సూత్రాలని ఒక పేపరుంటుంది. అందులో ఫేయాల్ అనే ఫ్రెంచి ఆయన వస్తాడు. గనుల ఇంజనీరు. 1916లో పధ్నాలుగు సూత్రాలు రాశాడు. అవి చదువుతుంటే నాకు నవ్వాగలేదు. ‘స్కేలార్ చైన్’ అని ఒక సూత్రం ఉంది. పై అధికారి నుంచి కింది ఉద్యోగి దాకా గొలుసుకట్టుగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడవాలని దాని భావం. అమ్మాయి దాన్ని బట్టీ పడుతుంటే, “ఇది మా ‘త్రూ ప్రాపర్ ఛానల్’ కదనే బిడ్డా!” అన్నాను. అయితే ఫేయాల్ అంతటితో ఆగలేదు. అత్యవసరమైతే సమాన హోదా గల ఇద్దరు ఉద్యోగులు గొలుసు దాటి నేరుగా మాట్లాడుకోవచ్చు, పై అధికారులకు ఆ సంగతి తెలిస్తే చాలునన్నాడు. పక్క సెక్షను గుమాస్తాకు ఫోను చేసి పని కానిచ్చుకున్నందుకు మెమో తిన్నవాణ్ణి నేను. ఆ పుస్తకం అప్పుడు తెలిసి ఉంటే జవాబులో ఫేయాల్‌ను ఉదహరించేవాణ్ణి.

ఇంకొకటి ‘పోస్డ్‌కార్బ్’. ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది, ఇలా ఏడు పనుల మొదటి అక్షరాలు కలిపి చేసిన మాట. పిల్లలు మంత్రంలా చదువుతారు. దాన్ని చెప్పిన లూథర్ గులిక్ 1937లో చెప్పింది వ్యాపారస్థుల కోసం కాదు, ప్రభుత్వ పాలన గురించి. అంటే మనబోటి వాళ్ల ఆఫీసుల కోసం పుట్టిన మాట తిరిగి తిరిగి వ్యాపార విద్యలోకి చేరింది. ఈ ముక్క చెబితే మా అమ్మాయి నమ్మలేదు. పుస్తకం తీసి చూపించాను.

రెండో ముఖ్యమైన పేపరు ఫైనాన్షియల్ అకౌంటింగ్. ఇది నన్ను కష్టపెట్టింది. మన సర్కారు లెక్క నగదు లెక్క. డబ్బు వచ్చిన రోజు జమ, పోయిన రోజు ఖర్చు. పద్దు, ఉపపద్దు సరిగా వేసి, ట్రెజరీతో సరిచూసుకుంటే సరి. జీపు కొంటే ఆ సంవత్సరమే ఖర్చు రాసి మరిచిపోతాం, తరువాత ఇరవై ఏళ్లు అది నడిచినా నిలిచినా లెక్కకు అక్కరలేదు. వ్యాపారపు లెక్క అలా కాదు. ప్రతి వ్యవహారానికీ రెండు కాళ్లు. ఒకచోట డెబిట్, ఇంకొకచోట క్రెడిట్. వెనిస్‌లో 1494లో పాచియోలి అనే సన్యాసి అచ్చువేసిన పద్ధతి ఇప్పటికీ అదే నడుస్తున్నది. జీపుకు ఏటా తరుగుదల రాయాలి. ఉద్దెరకు అమ్మిన సరుకు కూడా అమ్మకమే, పైసా చేతికి రాకపోయినా. నా పాత బుర్రకు ఇదంతా ఎక్కడానికి ఒక వర్షాకాలం పట్టింది.

ఈ పేపరులో మొట్టమొదటి పాఠం ‘ఎంటిటీ కాన్సెప్ట్’. వ్యాపారం వేరు, దాని యజమాని వేరు. దుకాణం గల్లాలోంచి యజమాని ఇంటి కూరగాయలకు పది రూపాయలు తీసినా దాన్ని విడిగా రాయాలి. మనకు ఇది కొత్త కాదు. సర్కారు నగదులో సొంత డబ్బు కలపరాదని చేరిన మొదటి వారంలోనే హెడ్‌క్లర్కు మనకు నేర్పాడు. ఈ పాఠాన్ని దయచేసి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

గణాంకాలు, అర్థశాస్త్రం, మార్కెటింగు, కంప్యూటరు, వీటిని దాటేస్తున్నాను. బిజినెస్ లా పేపరులో మాత్రం ఒక చిత్రముంది. కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, చెక్కులూ ప్రామిసరీ నోట్ల చట్టం 1881 నాటిది, భాగస్వామ్య చట్టం 1932 నాటిది. కంపెనీల చట్టం మాత్రం 1956 నాటిది పోయి 2013లో కొత్తది వచ్చింది, పన్నుల్లో జీఎస్టీ 2017 జులైలో వచ్చింది. పాత గైడు చేతపట్టుకొని చదివే పిల్లవాడు రద్దయిన చట్టాన్ని పరీక్షలో రాసి వస్తాడు. మనుమలు తెచ్చే గైడు ఏ సంవత్సరపు ముద్రణో తిప్పి చూడండి.

మానవ వనరుల పేపరు గురించి నాకొక ఫిర్యాదు ఉంది. అందులో మాస్లో త్రిభుజం ఉంటుంది. మనిషికి ముందు తిండీ నిద్రా, తరువాత భద్రత, ఆపై గౌరవం అని మెట్లు. 1943 నాటి మాట. పిల్లలందరూ చక్కగా త్రిభుజం గీస్తారు. కాని పాలమూరు జిల్లాలో కూర్చుని ఆ పేపరు చదివే పిల్లలకు పాలమూరు కూలీల గురించి ఒక్క పేజీ లేదు. దేశంలో ఎన్ని ఆనకట్టల, ఎన్ని కాలువల మట్టిపనిలో మనవాళ్ల చెమట ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. గుంపు మేస్త్రీ పల్లెలో అడ్వాన్సులిచ్చి, జంటలను జమ చేసి, లారీ ఎక్కించి, వేల మైళ్ల అవతల పని కొలిచి చేయించి, తిరిగి తెచ్చేవాడు. నియామకం, రవాణా, పని పంపకం, కొలత, కూలి లెక్క అన్నీ అందులో ఉన్నాయి. ఆ అడ్వాన్సుకు కట్టుబడి ఇంటికి రాలేక, తల్లి చచ్చిపోయినా ముఖం చూడలేకపోయినవాళ్లూ అందులోనే ఉన్నారు. వలస కూలీల కోసం 1979లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. మహబూబ్‌నగర్‌లో పనిచేసిన రోజుల్లో బస్టాండులో మూటలతో కూర్చున్న ఆ జనాన్ని రోజూ దాటుకుంటూ ఆఫీసుకు పోయినవాణ్ణి నేను. అమెరికా ఫ్యాక్టరీలో దీపాల వెలుతురు పెంచితే పని ఎంత పెరిగిందో పిల్లలకు చెబుతున్నారు, మంచిదే. బస్టాండులో మూటల మీద కూర్చున్నవారి సంగతి కూడా ఆ పేపరులో ఉండాలి.

పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఇంటరు దాకా తెలుగులో చదివిన పల్లె పిల్లలు అర్థం కాక కంఠస్థం చేస్తారు. మనం డిపార్టుమెంటు పరీక్షలు రాసినప్పుడు అకౌంట్స్ టెస్టుకు పుస్తకాలు ముందు పెట్టుకొని రాయనిచ్చేవారు. ఏ రూలు ఎక్కడుందో వెతకడం వస్తే చాలునని. అదే నయమనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు సంగతి. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు ఉంటుంది. విద్యార్థి ఏదైనా సంస్థకు వెళ్లి, అక్కడి పని చూసి, లెక్కలు తీసి, నివేదిక రాసి, పరీక్షకుని ముందు మౌఖిక పరీక్షకు కూర్చోవాలి. నా దృష్టిలో మూడేళ్ల చదువుకు ఇదే గుండెకాయ. దీన్నే అందరూ తేలికగా తీసేస్తున్నారు.

ఒకనాటి సాయంత్రం మా మనుమరాలు వచ్చి మూడున్నర వేలు అడిగింది. ఎందుకన్నాను. “ప్రాజెక్టు కోసం తాతా. పట్నంల ఒక షాపుల చేసిస్తరు. బైండింగు, కంపెనీ సర్టిఫికెట్టు అన్నీ వాళ్లే ఇస్తరు” అన్నది. తరగతిలో అందరూ అలాగే తెప్పించుకుంటున్నారట. నమూనాగా ఒక పుస్తకం కూడా చూపించింది. ఏదో మోటారు సైకిళ్ల కంపెనీలో వినియోగదారుల సంతృప్తి మీద అధ్యయనం. రంగు రంగుల పటాలు. మూడో పేజీలో ఇంగ్లీషులో ఒక ప్రకటన, కింద విద్యార్థి సంతకానికి ఖాళీ. ఈ నివేదిక నా సొంత కృషితో తయారైనదని, ఇంకెక్కడా సమర్పించలేదని ధ్రువీకరిస్తున్నాను అని దాని సారాంశం.

ఆ ‘ధ్రువీకరిస్తున్నాను’ అన్న మాట చూడగానే నా గొంతు లేచింది. ఆమె కూడా తగ్గలేదు. “అందరు అదే చేస్తున్రు తాతా. మార్కులు అందరికి ఒకటే. నేనొక్కదాన్ని ఎందుకు కష్టపడాలె?” మా ఇంటామె మధ్యలోకి వచ్చి ఇద్దరినీ భోజనానికి లేపింది.

ఆ రాత్రి ఆమెకు నేనొక సంగతి చెప్పాను. మీకూ చెబుతాను. మా పిల్లలకు కూడా అంతకుముందు చెప్పలేదు. ఎనభైలలో ఒక కార్యాలయంలో నాకు స్టాకు అప్పగించారు. ఏ కార్యాలయమో వద్దు. ఏడాదికోసారి సామాను లెక్కపెట్టి, అన్నీ సరిగా ఉన్నవని ధ్రువపత్రం రాయాలి. మూడేళ్లు నేను గోదాము తలుపు కూడా తీయకుండా, వెనకటి ఏడాది కాగితం చూసి తేదీ మార్చి సంతకం చేశాను. అందరూ అదే చేసేవారు. బదిలీ మీద చార్జి అప్పగించేటప్పుడు దుప్పట్ల మూటలు విప్పారు. పైవి నాలుగు బాగున్నాయి. లోపలివి ఎలుకలు కొరికినవి కొన్ని, అసలు లేనివి చాలా. దొంగిలించింది నేను కాదు, ఎవరో నాకిప్పటికీ తెలియదు. సంతకం మాత్రం నాది. జీతంలోంచి వాయిదాల మీద వసూలు చేశారు, ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆ ఏడాది మా పెద్దమ్మాయిని, అంటే ఈమె తల్లిని, అనుకున్న బడిలో చేర్చలేకపోయాను.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక న్యాయమైన ప్రశ్న అడిగింది. “గట్లయితె నేనెక్కడికి పోవాలె? నన్నెవరు లోపలికి రానిస్తరు?”

నిజమే. కాలేజీ వారు ఒక ఉత్తరం చేతికిచ్చి ఎక్కడికైనా వెళ్లిరమ్మన్నారు. మా ఊళ్లో రెండు పెద్ద దుకాణాలకు, ఒక గిర్నీకి ఆమెను వెంటబెట్టుకొని పోయాను. లెక్కల పుస్తకాలనగానే వాళ్లు మమ్మల్ని పన్నుల ఆఫీసు వాళ్లను చూసినట్టు చూశారు. ఆడపిల్ల వచ్చి కూర్చుంటే బాగుండదని ఒకాయన మర్యాదగా చెప్పాడు. ఆ మూడున్నర వేలకు షాపుల దగ్గర పిల్లలు ఎందుకు వరుస కడుతున్నారో నాకు అప్పుడు తెలిసింది.

చివరికి మా మిత్రుడొకాయన ఆదుకున్నారు. మనలాగే పింఛనుదారు, ఉపాధ్యాయుడిగా రిటైరైనారు. ఊళ్లో నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. “తోట కూడా వ్యాపారమే కద, రమ్మను” అన్నారు. మన జిల్లాలో బత్తాయి సంగతి తెలిసిందే. మొక్క నాటి అయిదారేళ్లు పెంచితే గాని సరైన కాపు రాదు. బోర్లు ఎండిన ఏడు ట్యాంకర్లతో నీళ్లు పోసి చెట్లు కాపాడుకోవాలి. కాపు వచ్చాక తోట మీదనే దళారీకి ఇవ్వాలి, లేదా పట్నం తోలాలి. పట్నంలో పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉండేది, 2021లో బాటసింగారం తరలింది. కిరాయి, హమాలీ, కమీషను ఉంటాయి. ఆపైన టన్నుకు ఇన్ని కిలోలని సూటు తీస్తారు. అమ్మినవాడికి టన్నుకు ధర ఇంత అని చెబుతారే గాని, చేతిలో పడేది ఎంతో చివరి చీటీ చూస్తే గాని తెలియదు.

మిత్రుడు లెక్క రాసే మనిషే. కాని అన్నీ ఒకే డైరీలో రాసేవారు. పాలు, మందులు, కూలీలు, ఎరువు, పింఛను జమ, మనుమడి పుట్టినరోజు, మోటారు రిపేరు, అన్నీ తేదీల వారీగా. అమ్మాయి నాలుగు ఆదివారాలు ఆ ఊరు పోయి, మూడేళ్ల డైరీలు, బ్యాంకు పాసు పుస్తకం ముందు పెట్టుకొని, తోటది ఒకవైపు, ఇంటిది ఒకవైపు విడదీసింది. నేను పక్కన కూర్చుని కూడికలు సరిచూశాను. మోటారుకు తరుగుదల రాసింది. మిత్రుడి భార్య కాయ కోతప్పుడు కూలీలతో సమానంగా పనిచేసేది, ఆ కూలి ఎక్కడా రాయలేదు. అది రాయాలా వద్దా అని మేమిద్దరం వాదించుకున్నాం. రాయాలన్నది అమ్మాయి. రాసింది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. మూడేళ్లలో రెండేళ్లు తోట నష్టంలో ఉంది. ఆ నష్టం పూడ్చింది ఆయన పింఛను. తోట మమ్మల్ని పోషిస్తున్నదని ఆయన ఊరంతా చెప్పుకునేవారు. నిజానికి తోటను పింఛను పోషిస్తున్నది. నేను చెప్పిన ఆ మొదటి పాఠం, వ్యాపారం వేరు యజమాని వేరు అన్నది, పుస్తకంలో నాలుగు పంక్తులే. ఆ మధ్యాహ్నం ఆయన ముఖం చూశాక దాని బరువు తెలిసింది.

ఆయన మంచినీళ్లు తాగి, నన్ను పక్కకు పిలిచారు. “ఆ పేజీ తీసేయమను. మా పిల్లలు చూస్తే భూమి అమ్మేయమంటరు” అన్నారు.

అమ్మాయి నా దిక్కు చూసింది. ధ్రువీకరణ గురించి రాత్రంతా ఉపన్యాసం చెప్పినవాణ్ణి నేనే. నలభై ఏళ్ల స్నేహితుడు ఆయన. వెంటనే జవాబు చెప్పలేకపోయానని మీ ముందు ఒప్పుకుంటున్నాను. తిరుగు బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు. మరునాడు అమ్మాయే ఉపాయం చెప్పింది. పేరు తీసేస్తాను, ఊరు తీసేస్తాను, ‘ఒక రైతు’ అని రాస్తాను, అంకెలు మాత్రం ముట్టుకోను అన్నది. మిత్రుడికి ఫోనులో చదివి వినిపించింది. ఆయన సరే అనలేదు, వద్దు అనలేదు. ఫోను పెట్టేశారు. నెలన్నర నడకకు రాలేదు.

మౌఖిక పరీక్షలో ఆమెను కంపెనీ లెటరుహెడ్డు ఎందుకు లేదని అడిగారట. పటాలకు రంగులెందుకు లేవని అడిగారట. కొనుక్కున్న వాళ్లకంటే ఈమెకు మార్కులు తక్కువే వచ్చాయి. ఇంటికొచ్చి ఏడ్చింది. నేను ఏమి సమాధానం చెప్పగలను? ప్రస్తుతం పట్నంలో ఒక చిన్న సంస్థలో లెక్కల విభాగంలో చేరింది. జీతం గొప్పగా ఏమీ లేదు. ఐసెట్‌కు చదువుతున్నది.

నెలన్నర తరువాత మిత్రుడు ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. సంచీలోంచి రెండు నోటు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకదాని మీద ‘ఇల్లు’, ఒకదాని మీద ‘తోట’. ఎండిపోతున్న వైపు ఎకరంన్నర చెట్లు తీయించి, అందులో కంది వేశారట. మిగిలిన తోట ఉంచారు. “నష్టమని తెల్వక ఉంచిన ఇన్నాళ్లు. ఇప్పుడు తెలిసి ఉంచుతున్న, మా నాయిన భూమి గనుక. ఎంత పోతున్నదో రాసుకుంటున్న” అన్నారు. పిల్లలకు ఆయనే చెప్పారు. వాళ్లు అమ్మమనలేదు. ఆయన అనుమతితోనే ఈ సంగతి మీకు చెబుతున్నాను. ఆయన ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెప్పను, ఆయన వైపు చూడను కూడా.

మిత్రులారా, మనలో చాలామంది మనుమల ఫీజులు పింఛనులోంచి కడుతున్నాం. కొందరు కమ్యుటేషను సొమ్ము కూడా పెట్టారు. ఫీజు కట్టి ఊరుకోవద్దు. మొదటి సెమిస్టరు అకౌంటింగు పుస్తకం మీరు కూడా తెరిచి చూడండి, మనకు తెలియనిది కాదది. చివరి సెమిస్టరులో ప్రాజెక్టుకని డబ్బడిగితే దేనికని అడగండి.

దీనితో పాటు ఒక మనవి. మా మనుమరాలిని లోపలికి రానిచ్చిన తలుపు ఒక్కటే, అదీ స్నేహం కొద్దీ తెరుచుకున్నది. ఈ సభలో తోటలున్నవారున్నారు. కొడుకులకు కిరాణా దుకాణాలు, మందుల షాపులున్నవారున్నారు. మిర్యాలగూడ వైపు గిర్నీలలో బంధువులున్నవారు, గద్వాల, నారాయణపేటలలో మగ్గాల మీద చీరెలు నేయించేవారితో పరిచయం ఉన్నవారున్నారు. గద్వాల చీరె ఒకటి మగ్గం దిగేసరికి ఎంత ఖర్చయిందో, కండెలు చుట్టిన ఇంటి ఆడవాళ్ల కూలి ఆ ఖర్చులో చేరిందో లేదో ఒక పిల్ల లెక్క తీస్తే అదొక మంచి ప్రాజెక్టు అవుతుంది. నెలరోజులు ఒక విద్యార్థిని కూర్చోనిచ్చి, అడిగింది చెప్పి, లెక్క చూపించగలవారు దయచేసి ముందుకు రావాలి. ఆడపిల్లలకు కూడా అభ్యంతరం లేదని రాసివ్వండి. కార్యదర్శిగారి బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. పేరు, ఊరు, ఏ వ్యాపారమో, ఏ నెలలో వీలో, నాలుగు గళ్లు గీశాను. మొదటి వరుసలో మా మిత్రుడు పొద్దుననే సంతకం చేశారు. భోజనాలకు లేచేముందు ఆ బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగగలరు.